గాజుల చేతికి గుండె వాచీ

నా గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటందో నాకంటే ముందు చోడవరంలో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడోళ్ళకి తెలిసిపోయేది. ఆ పుణ్యం మా ఆయనది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్న కాలేజీ గ్రౌండులో నా వాచీలో చూసిన అంకెని తొమ్మిదింటికల్లా టీ కొట్టు దగ్గర చెప్పేసేవాడు. పదింటికి ఎవరో ఒకావిడ జాకెట్టు గుడ్డ సంకలో పెట్టుకుని నా షాపుకొచ్చి, కొలతలు ఇవ్వడం మానేసి నా మొహంలోకి చూసి, "ఏటమ్మా, నూట ఎనభై దాటిందట! ఇంకా మిషను తొక్కతన్నావేటి?" అనేది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు చెప్పండి? "నూట ఎనభై కాదు, రెండొందలు. ముందు మీ జాకెట్టుకి చేతులు పొడుగా పొట్టా అది చెప్పండి" అనేదాన్ని. అలా గట్టిగా అనేసినా, ఆవిడ మెట్లు దిగేక నా చెయ్యి తిన్నగా గుండె మీదకే పోయేది.

ఈ వయసులో పరుగేటి అని మీకూ అనిపించొచ్చు. మా అత్తకీ అదే అనిపించింది. "ఎవడైనా తరుముతన్నాడేటే?" అని అడిగింది. నాకు నలభై ఏడేళ్ళు. ఇరవై రెండేళ్ళ నుంచి మిషను మీద కూర్చుని కుడతన్నాను. కూర్చునే పని, పైగా ఎవరైనా మాడుగుల నుంచి హల్వా తెస్తే వద్దనలేని నోరు. కిందటేడు రక్తం పరీక్ష చేయిస్తే షుగరు గట్టు మీద నిలబడి ఉందన్నారు. రోజూ నడవమన్నారు. గ్రౌండులో నడిచే ఆడోళ్ళ జట్టులో చేరి రెండు నెలలు నడిచేను. ఆళ్ళు నడిచేది తక్కువ, అక్కడ లేని కోడళ్ళని చీల్చి ఆరేసేది ఎక్కువ. ఒకరోజు ఆ కబుర్లు భరించలేక, ఆళ్ళకి దూరంగా పోదామని నాలుగడుగులు పరిగెత్తేను. అంతే. చిన్నప్పుడు గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు బళ్ళ వెనకాల పరిగెత్తి గెడ లాక్కున్నప్పటి సంబరం ఒంట్లోకి వచ్చేసింది. ఆ మర్నాటి నుంచి మా గుంట, అదే మా అమ్మాయి, వదిలేసిన చుడీదారు, దాని పాత షూలు వేసుకుని పరిగెత్తడం మొదలుపెట్టేను.

మా గుంట విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తంది. నా పరుగు సంగతి విని, మొదటి జీతంతో నాకు వాచీ కొని పంపింది. టైముతో పాటు గుండె ఎంత కొట్టుకుంటందో కూడా చెప్పే వాచీ. వెనకాల చిన్న పచ్చ దీపం ఉంటాది. అది చర్మం కింద రక్తం కదలడం చూసి లెక్క కడతాదట. నేను దాన్ని అందరూ వాచీ పెట్టుకునేట్టే ఎడమ చేతికి, గాజుల కిందుగా, మణికట్టు ఎముక మీద పెట్టుకున్నాను. మొదటిరోజు గ్రౌండు గేటు దగ్గర్నుంచి గోల్‌పోస్టు దాకా పరిగెత్తి, రొప్పుతా చూసుకున్నాను. నూట ఎనభై ఒకటి.

అది నేను ఇంకెవరికి చెప్పినా పోయేది. మా ఆయనకి చెప్పేను.

ఆయనకి వడ్డాది రోడ్డులో మోటారు రిపేరు షాపుంది. చెరుకు పొలాల్లో కాలిపోయిన మోటార్లు తెస్తే రాగి తీగ మళ్ళీ చుట్టి ఇస్తాడు. ముప్పై ఏళ్ళుగా మీటరు ముల్లు చూసి బతికిన మనిషి. ఆయన లెక్కలో ప్రతి మోటారుకీ ఒక హద్దుంది, ముల్లు ఆ హద్దు దాటి నిలబడిందంటే లోపల తీగ కమిలిపోతన్నట్టే. నా అంకె వినగానే ఫోను తీసి వెతికేడు. రెండొందల ఇరవైలోంచి వయసు తీసెయ్యమని ఎక్కడో రాసుందట. తీసేడు. నూట డెబ్బై మూడు వచ్చింది.

"నీ మోటారు హద్దు నూట డెబ్బై మూడు. నువ్వు నడుపుతున్నది నూట ఎనభై ఒకట్లో. ఎన్నాళ్ళుంటాది సెప్పు?" అన్నాడు.

"నేను మోటారునా?"

"మోటారైతే కొత్త తీగ సుట్టగలను. నీకేటి సుట్టను?"

నవ్వు రావాలి నాకు. రాలేదు. ఎందుకంటే మా అక్క గుర్తొచ్చింది.

మా అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. మూడేళ్ళ క్రితం పోయింది. అంటే ఇప్పుడు నాకున్న వయసే అప్పుడు దానికి. చెరుకు నరికే రోజులు, కూలోళ్ళకి వంటలు. ఫోను చేసి "గుండెల్లో బరువుగా ఉందే, ఆయాసమొస్తంది" అంది. "గేసై ఉంటాది, వాము నమిలి పడుకో" అన్నాను. ఆ మాటన్నది ఇంకెవరో కాదు, నేను. దాని మొగుడు నరుకుడు అయ్యేక ఆస్పత్రికి తీసుకెళ్తానన్నాడు. మూడోరోజు పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. మోచేతుల దాకా పచ్చ గాజులు వేసి, పూలు పెట్టి, "పసుపు కుంకాలతో పోయింది, అదృష్టవంతురాలు" అని వచ్చినోళ్ళంతా అన్నారు.  బతికున్నప్పుడు ఆ చెయ్యి పట్టుకుని నాడి చూసినోళ్ళు ఒక్కరు లేరు, నాతో సహా.

అక్కకున్న జబ్బే నాకూ ఉందేమో. నేను సంబరపడి పరిగెత్తే ఈ పరుగే నన్ను తీసుకుపోతాదేమో. అదీ నా భయం. అలాగని మానడానికీ మనసు రాలేదు. మిషను, వంట, గిరాకీలు, ఇవేవీ లేని ఇరవై నిమిషాలు నా రోజు మొత్తమ్మీద అవే. అవి పోతే నాకేం మిగల్దనిపించేది.

మా ఆయన నన్ను ఒంటరిగా వదల్లేదు. స్కూటరేసుకుని నడక వేగంతో నాతో పాటే వచ్చేవాడు. గ్రౌండు చుట్టూ నేను ముందు, వెనకాల డుగుడుగుమంటా ఆయన. పావు రౌండుకోసారి "ఎంత?" అని అరిచేవాడు. నేను చూసి చెప్పాలి. "నూట డెబ్బై ఎనిమిది." "ఆపు! ఆపు!" ఆ అరుపుకి గ్రౌండులో నడిచేవాళ్ళంతా ఆగిపోయేవోరు, నేను తప్ప. ఆగేక వచ్చి నా వీపు మీద అరచెయ్యి పెట్టేవాడు, మోటారు వేడెక్కిందా లేదా అని పెట్టినట్టే. "కాలిపోతంది" అనేవాడు. "పరిగెత్తితే కాలదా? చల్లగా ఉంటే శవాన్ని" అనేదాన్ని. చొక్కా జేబులో, గుండెపోటొస్తే నాలిక కింద పెట్టే బిళ్ళ ఒకటి కాగితంలో చుట్టి పెట్టుకున్నాడు. ఎవరు రాసిచ్చేరూ అంటే, మందుల షాపులో అడిగి తెచ్చేనన్నాడు. ఓరి నీ ఇల్లు బంగారం గానూ అనుకున్నాను. కోపమొచ్చింది, ముద్దూ వచ్చింది.

నెమ్మదిగా పరిగెత్తితే అంకె తగ్గుతాదేమోనని ఒకరోజు నడకకి కొంచెం పైగా, ముసలిదానిలా కాళ్ళీడ్చేను. రొప్పు లేదు, చెమట లేదు. హాయిగా ఉంది. వాచీ చూస్తే నూట డెబ్బై ఆరు.

దాంతో ఆయన మొహం నల్లబడిపోయింది. "లోడు లేకుండా కూడా ముల్లు అక్కడే ఉందంటే లోపలే ఏదో అయ్యింది" అన్నాడు. ఇంటికొచ్చి నా షూలు తీసుకెళ్ళి అటక మీద, పాత మోటారు డబ్బాల వెనకాల పడేసేడు. నాకు తిక్క రేగింది. "నన్నడక్కుండా నా షూలు ముట్టుకోడానికి మీరెవరు?" అన్నాను. "నీ మొగుణ్ణి" అన్నాడు. "అయితే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మా బావ కూడా మొగుడే, నరుకుడు అయ్యేక తీసుకెళ్తానన్నాడు" అన్నాను. ఆయన మర్నాడే షాపు షట్టరు దించేసి నన్ను అనకాపల్లిలో గుండె డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళేడు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా గుంట కంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదై ఉంటాది. అక్క సంగతి మొత్తం అడిగింది. ఈసీజీ తీసింది, గుండెకి స్కానింగు చేసింది. తర్వాత ఒంటికి తీగలు అతికించి, కదిలే పట్టా మీద నన్ను పరిగెత్తించింది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంటన్నాడు. పెద్ద తెర మీద నా గుండె గీతలు గీతలుగా పోతంది. డాక్టరమ్మ దాన్ని చూసింది, నా వాచీ చూసింది, మళ్ళీ తెర చూసింది. తెర మీద నూట యాభై రెండు. వాచీలో నూట డెబ్బై తొమ్మిది.

పట్టా ఆపి నా చెయ్యి పట్టుకుంది. రెండు బంగారు గాజులు, ఆరు మట్టి గాజులు, ఆటి కిందుగా ఎముక మీద వేలాడతన్న వాచీ. గాజులొకసారి పైకి తోసి వదిలేసింది. అవి గలగలమని జారొచ్చి వాచీని గుద్దేయి. వాచీ కింద వేలు పట్టేంత సందు.

"ఇది మీ గుండెని లెక్కపెట్టడం లేదమ్మా. మీరు అడుగు వేసినప్పుడల్లా గాజులు దీన్ని కొడుతున్నాయి, ఇది ఊగుతోంది. ఇది మీ అడుగుల్ని లెక్కపెడుతోంది" అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నెల రోజుల్నుంచి నా అడుగుల్ని చూసుకుని చచ్చిపోతానని వణికేను. నెమ్మదిగా పరిగెత్తినా అడుగులు తగ్గవు కదా, చిన్నవవుతాయంతే. అందుకే అంకె దిగలేదు.

రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి, గుండెకేం లేదంది డాక్టరమ్మ. మా ఆయన నూట డెబ్బై మూడు గురించి అడిగేడు. అది అందరికీ కలిపి వేసుకున్న ఉజ్జాయింపు లెక్కే గానీ దాటితే పేలిపోయే గీత కాదని చెప్పింది. కొత్తగా పరిగెత్తేవాళ్ళ గుండె తొందరగా పైకి పోతాదట. నెలలు గడిచేకొద్దీ అదే దూరానికి తక్కువ కొట్టుకుంటాదట. "పక్కవాళ్ళతో మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా వెళ్ళండి. మాట తెగిపోతుంటే నడవండి. గుండెల్లో నొప్పి, బరువు, కళ్ళు తిరగడం వస్తే మాత్రం ఆగిపోయి వెంటనే రండి. మీ అక్కగారి సంగతి ఉంది కాబట్టి ఏడాదికోసారి చూపించుకోండి" అంది. ఆవిడ మాట నిజమే. ఇది రాస్తన్న రోజుకి నేను గ్రౌండు నాలుగు రౌండ్లు కబుర్లు చెప్తా పరిగెత్తినా నూట నలభై దాటడం లేదు. ఆ రోజు జేబులో బిళ్ళ చూసి మాత్రం డాక్టరమ్మ మా ఆయన్ని చెడామడా తిట్టింది. ఎవరి గుండెకి ఏ బిళ్ళో మందుల షాపు చెప్తుందా అని. ఆయన బడిపిల్లాడిలా తల దించుకున్నాడు. నాకు కొంచెం సంతోషమేసింది.

లేచి వచ్చేముందు ఉండబట్టలేక చెప్పేసేను. "మా అక్కకి గేసని నేనే చెప్పేనండి."

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "చాలామంది అలాగే అంటారమ్మా. ఇప్పుడు మీకు తెలిసింది. ఇంకెవరికీ అలా చెప్పకండి" అంది. బస్సులో చోడవరం దాకా ఏడుస్తానే ఉన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అందరూ చూస్తన్నారంటే, చూడనీ అన్నాడు.

ఇక్కడితో కథ కంచికి పోవాలి. పోలేదు. వాచీ సరిగ్గా పనిచెయ్యాలంటే ఎముకకి రెండు వేళ్ళ పైన, ఒట్టి చర్మానికి బిగుతుగా పెట్టుకోవాలంది డాక్టరమ్మ. రెండు వేళ్ళ పైన నాకు చర్మం ఎక్కడుంది, గాజులు కదా! గాజులకి పైన పెడదామంటే నా ముంజెయ్యి అక్కడ లావు, పట్టీ ఆఖరి చిల్లు దాకా లాగినా అందలేదు. కుడి చేతికీ గాజులే. వాచీ లేకుండానే పరిగెత్తమన్నాడు ఆయన. ఒకరోజు వెళ్ళేను. సగం రౌండు తిరిగేసరికి గుండె దడదడమంది. అది ఎంతో తెలీలేదు. పొయ్యి ముందు ఒరిగిపోయిన అక్క కళ్ళ ముందుకొచ్చింది. గడ్డిలో కూలబడిపోయేను. రిపోర్టులు బాగానే ఉన్నాయని బుర్రకి తెలుసు. గుండెకి తెలియాలంటే నాకు ఆ అంకె కనపడాలి.

నేను టైలర్ని, నాకు ఉపాయాలకి కొదవా? జాకెట్టు లైనింగు గుడ్డ ముక్క కోసి, గాజులన్నిటినీ మోచేతి వైపు తోసి కట్టేసేను. మూడ్రోజులు బాగానే నడిచింది. నాలుగోరోజు పరుగు మధ్యలో ముడి ఊడి గాజులు ఒక్కసారి జారేయి. వాచీ అంచుకి తగిలి ఒక మట్టి గాజు చిట్లింది. చిట్లిందనే అనాలి, మా ఇళ్ళల్లో పగిలిందనే మాట గాజుకి వాడరు. ముక్క గీసుకుని రక్తం కారింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ మా ఆయన స్కూటరు పడేసి పరిగెత్తుకొచ్చేడు. నా చేతి కేసి కాదు, కింద పడ్డ గాజు ముక్కల కేసి చూస్తన్నాడు. 

ఇంటికొచ్చి కట్టు కట్టుకుంటా చెప్పేను. "ఈ గోలంతా ఎందుకు? రేపట్నుంచి ఎడమ చేతి గాజులు తీసేస్తాను. పరిగెత్తే అరగంటే. రాగానే వేసేసుకుంటాను."

"వద్దు" అన్నాడు.

"ఏం?"

"వద్దన్నాను కదే."

మొగుడుండగా ఆడది గాజులు తియ్యకూడదు, తీస్తే మొగుడికి చేటు. ఇది నాకు తెలీదా? నేనూ ఈ నేల మీద పుట్టినదాన్నే. కానీ ఫోన్లో లెక్కలు చూసి, మీటర్లు తప్ప దేవుణ్ణి కూడా నమ్మని మనిషి ఆ మాట అనేసరికి ఒళ్ళు మండింది. "ఇన్నాళ్ళూ నా ప్రాణం మీద బెంగ అనుకున్నాను. ఇప్పుడు మీ ప్రాణం మీద బెంగ పట్టుకుందేటి?" అనేసేను. నోరు జారిందని అనగానే తెలిసింది.

 ఆయన స్టూలు మీద కూర్చుని, చేతిలో స్క్రూడ్రైవరు తిప్పుతా చెప్పేడు. ఆయన తొమ్మిదో ఏట వాళ్ళ నాన్న పోయేడు. పదోరోజున ఆడోళ్ళు నలుగురు చేరి వాళ్ళమ్మ చేతులు రాయి మీద పెట్టి గాజులు చితక్కొట్టేరట. ఈయన గడ్డివాము వెనకాల నిలబడి ఆ చప్పుడు విన్నాడట. ఆ తర్వాత అమ్మ అన్నం కలిపి ముద్ద పెడతంటే ఆ చేతుల కేసి చూడలేక కళ్ళు మూసుకుని తినేవాడట. "నాకేదో అవుతాదని కాదే. ఉత్త సెయ్యి సూడ్లేను. అమ్మదే సూడ్లేను ఇప్పటికీ" అన్నాడు.

మా పెళ్ళై ఇరవై ఆరేళ్ళు. ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. అంతకుముందు నేనన్న మాటకి నా నాలిక కోసుకోవాలనిపించింది. పక్కన కూర్చుని ఆయన తల నిమిరేను. అంత విన్నాక ఇంకేటి తీస్తాను గాజులు? పరుగు మానేసేను. ఈసారి షూలు నేనే అటక మీద పెట్టేను.

పన్నెండు రోజులు. పొద్దున్న అలవాటుగా అయిదింటికి మెలకువొచ్చేసేది. లేచి చేసేదేం లేక ముందుగానే మిషను ముందు కూర్చునేదాన్ని. ఆయన కూడా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు. ఇద్దరం ఒకళ్ళ మీద ఒకళ్ళకి జాలితో నోళ్ళు కుట్టేసుకున్నాం. మా అత్త మాత్రం ఇద్దర్నీ మార్చి మార్చి చూసేది. ఆవిడకి డెబ్బై దాటేయి. మొగుడున్నప్పట్నుంచీ బెల్లం గానుగల దగ్గర పాకం కలియబెట్టేది, ఆయన పోయేక ఆ పనితోనే ఒక్కగానొక్క కొడుకుని పెంచింది. నోరు పెద్దది. నా పరుగుని ఇంట్లో అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది ఆవిడే. గాజుల సంగతి తెలిస్తే ఇంకేం మాటలంటాదోనని ఆవిడ దగ్గర ఆ ఊసే ఎత్తలేదు. ఇల్లు రెండు గదులు, గోడలు పల్చన, ఆవిడకి తెలీకుండా ఎలా ఉంటాది?

పదమూడో రోజు పొద్దున్నే నన్ను తట్టి లేపింది. "లెగే, ఇటు రా."

వీధి అరుగు మీద కూర్చోబెట్టింది. గిన్నెలో కొబ్బరినూనె తెచ్చింది. నా ఎడమ చెయ్యి ఒళ్ళోకి లాక్కుని, మణికట్టుకి నూనె రాసి, బొటనవేలు లోపలికి మడిచి, మొదటి గాజు లాగడం మొదలుపెట్టింది. నేను నిజంగా భయపడ్డాను.

"అత్తా, ఏటి చేస్తన్నావు? ఆయన ఊరుకోరు."

"ఆడి సంగతి నాకొదిలెయ్."

ఆయన పళ్ళు తోముకుంటా బయటికొచ్చి చూసేడు. బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది. "అమ్మా, వొద్దే" అన్నాడు.

మా అత్త తలెత్తలేదు. నా చేతి మీదే చూపు పెట్టి, ఒక్కో గాజూ తీసి పక్కన పెడతా మాట్లాడింది. "ఒరే, మీ నాన్న ఉన్నన్నాళ్ళూ నేను ఒక్క గాజు తియ్యలేదు. నిన్ను కన్నప్పుడు తియ్యలేదు. పాకం పడి సెయ్యి కాలి బొబ్బలెక్కితే, తీసెయ్యమని మీ నాన్నే సెప్పేడు, అప్పుడూ తియ్యలేదు. ఆ పుండు మీదే ఉంచుకున్నాను. మరి మీ నాన్న ఉన్నాడేట్రా?"

  ఆఖరి గాజు నూనెలో జారి బయటికొచ్చింది. నా చెయ్యి నాకే కొత్తగా, తెల్లగా ఉంది. ఆవిడ తన కొంగుతో నూనె తుడిచింది.

"ఆ వాచీ ఎక్కడ కట్టాలో నాకు తెల్దు. నువ్వు కట్రా" అంది.

ఆయన నోరు కడుక్కుని వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. నా ఎముక పక్కన తన రెండు వేళ్ళు ఆనించి కొలుచుకుని, వాటికి పైన వాచీ పెట్టి పట్టీ బిగించేడు. కళ్ళు పక్కకి తిప్పలేదు. పచ్చ దీపం వెలిగింది.

"ఏటంటంది?" అంది మా అత్త.

"ఎనభై నాలుగు" అన్నాడు.

"కొట్టుకుంటంది కదా? కొట్టుకునే సెయ్యి ఉత్త సెయ్యెలాగవుతాదిరా?" అని తన రెండు చేతులూ కొడుకు ముందుకి చాపింది. ఎండిపోయి, నరాలు తేలి, పాకం కాలిన మచ్చలున్న చేతులు. "ఇయ్యి కూడా సూడు."

ఆయన ఆ చేతులు రెండూ పట్టుకున్నాడు. మణికట్టు మీద బొటనవేలు పెట్టి నాడి వెతుక్కుని, దాని మీద అలాగే ఉంచేసి, తల వంచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేడు. నేను అటక మీంచి షూలు దించుకుని, చప్పుడు చెయ్యకుండా గ్రౌండుకి వెళ్ళిపోయేను. ఆ పొద్దు నా వెనకాల స్కూటరు రాలేదు.